ఏ షేరని అడుగుతారు, ఎన్నని అడగరు

ఈ నెల ఉత్తరాలు, మెయిళ్లు కలిపి నలభైకి పైనే వచ్చాయి. అందులో ముప్పై దాకా "ఫలానా షేరు కొనవచ్చా మేడమ్" అన్నవే. వాటికి జవాబివ్వను. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రిజిస్టర్ కాని మనిషి షేరు పేరు చెప్పి కొనమనకూడదు, నేను రిజిస్టర్ కాలేదు. పైగా నా పని ఎప్పుడూ అది కాదు. విజయవాడలో ఒక సబ్‌బ్రోకర్ (షేర్లు కొనిపెట్టే, అమ్మిపెట్టే మధ్యవర్తి) గారి ఆఫీసులో ఇరవై రెండేళ్లు బ్యాక్ ఆఫీసు, అంటే లెక్కల పని, చూశాను. కాంట్రాక్ట్ నోట్లు, లెడ్జర్లు, పే-ఇన్ చెక్కులు. ఎవరు ఏం కొన్నారో టెర్మినల్ దగ్గరున్న కుర్రాళ్లకు తెలిసేది. చివరికి ఎవరి ఖాతాలో ఎంత మిగిలిందో నాకు తెలిసేది. మిగిలినవాళ్లూ మిగలనివాళ్లూ చాలాసార్లు అవే షేర్లు కొనేవారు, ఎన్నేసి కొన్నారన్న దగ్గరే తేడా. అందుకని ఈసారి ఆ "ఎన్ని" గురించి అడిగిన ప్రశ్నలే ఏరి పెట్టుకున్నాను.

ప్రశ్న: గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మూడు లక్షలతో ఎనిమిది నెలలుగా ఒక సిస్టం ప్రకారం డెలివరీలో (ఆ రోజే అమ్మేయకుండా షేర్లు ఖాతాలోకి తీసుకుని) కొంటున్నాను. షేరు 50 రోజుల గరిష్ఠ ధర దాటితే కొంటాను. కొన్న రోజే స్టాప్‌లాస్, అంటే ఇంతకు పడితే అమ్మేయాలన్న ధర, రాసుకుంటాను. పెరుగుతూ పోతే 20 రోజుల కనిష్ఠం తగిలేదాకా ఉంచుతాను. పాత ధరలతో కాగితం మీద లెక్క వేస్తే లాభం వస్తోంది. చేతితో చేస్తే రూ.46,300 నష్టం వచ్చింది. సిస్టం మార్చాలా? నా లావాదేవీల పుస్తకం పంపుతున్నాను, చూసి చెప్పండి.
– ఒక ఉపాధ్యాయుడు, తణుకు

జవాబు: మాస్టారూ, పుస్తకం అందింది. ఖాకీ అట్ట వేసి, మార్జిన్ గీసి, లాభం నీలం సిరాతో, నష్టం ఎర్ర సిరాతో రాశారు. మా ఆఫీసులో ఇంత శుభ్రంగా లెక్క రాసుకున్న క్లయింటు నాకు గుర్తున్నంతలో ఇద్దరే. రెండు రోజులు కూర్చుని మొత్తం 41 లావాదేవీలూ మళ్లీ వేశాను.

18 లాభాలు, 23 నష్టాలు. ఇలాంటి సిస్టంకి అది మామూలే, సగానికి పైగా ఓడుతూనే ఉంటుంది. ఓడినప్పుడు కొంచెం పోయి, గెలిచినప్పుడు బాగా రావాలి. మీ పుస్తకంలో షేరుకు షేరు చూస్తే అలాగే వచ్చింది కూడా. మరి డబ్బు ఎటుపోయింది? మూడు చోట్ల పోయింది. ఆ మూడింటి పక్కన మార్జిన్‌లో మీరే పెన్సిలుతో "ఖాయం" అని రాసుకున్నారు.

మొదటి "ఖాయం": 600 దగ్గర 300 షేర్లు, 546లో స్టాప్. పోయింది 16,200. రెండోది 1,250 దగ్గర 150 షేర్లు, పోయింది 19,200. మూడోది 2,000 దగ్గర 90 షేర్లు, పోయింది 18,000. మూడూ కలిపి 53,400. మీ మొత్తం నష్టం 46,300. అంటే మిగతా 38 లావాదేవీల్లో మీరు 7,100 లాభంలో ఉన్నారు.

ఇప్పుడు ఇంకో పేజీకి వెళదాం. వరుసగా ఆరు ఎర్ర గీతలు ఉన్నాయి. ఏడోసారి సిస్టం కొనమంది. అక్కడ మార్జిన్‌లో "భయం" అని రాసి, 400 దగ్గర 60 షేర్లే కొన్నారు, 24,000 పెట్టి. ఆ షేరే 648 దాకా పోయింది. ఎనిమిది నెలల్లో మీకు దొరికిన అతి పెద్ద పెరుగుదల అదే, 62 శాతం. చేతికి వచ్చింది 14,880. "ఖాయం" అన్నచోట లక్షా ఎనభై వేలు, "భయం" అన్నచోట ఇరవై నాలుగు వేలు. కొనే రోజు, అమ్మే రోజు సిస్టం చెప్పింది. ఎన్ని కొనాలన్నది ఆ రోజు మీ మనసు ఎలా ఉంటే అలా నడిచింది. మీరు అమ్మే నియమం రాసుకున్నారు, కొనే నియమం రాసుకున్నారు, సంఖ్యకు మాత్రం నియమం లేదు.

ఆ నియమం మీ ఆరో తరగతి పిల్లలు చేసే లెక్కే. ఈ ఒక్క లావాదేవీ తప్పితే ఎంత పోయినా ఫరవాలేదో ముందు రూపాయల్లో అనుకోండి. మూడు లక్షల్లో ఒక శాతం, 3,000. కొన్న ధరకీ స్టాప్‌కీ మధ్య దూరం ఎంతో చూడండి. మీ మొదటి "ఖాయం"లో 600 నుంచి 546 తీస్తే 54. మూడు వేలను 54తో భాగిస్తే 55 చిల్లర. చిల్లర వదిలేసి 55 షేర్లు కొనాలి, అంటే 33,000 పెట్టుబడి. మీరు కొన్నవి 300. మూలధనంలో 5.4 శాతాన్ని ఒక్క షేరు మీద ఒడ్డారు. అదే లెక్క "భయం" పేజీకి వేద్దాం: 400 నుంచి 368 తీస్తే 32, మూడు వేలకు 93 షేర్లు. లాభం 23,064 వచ్చి ఉండేది.

మొత్తం 41కీ ఇలాగే వేశాను. మూడు వేలను ఒక వంతు అనుకుంటే, లాభాల్లో 35 వంతులు వచ్చాయి, నష్టాల్లో 24 వంతులు పోయాయి. ఇరవై మూడు నష్టాలకు ఇరవై నాలుగు వంతులు ఎందుకంటే ఒకటి రాత్రికి రాత్రి జారి స్టాప్ కిందనే తెరుచుకుంది. మిగిలింది 11 వంతులు, రూ.33,000. బ్రోకరేజీ, పన్నులు ఇందులోంచే పోతాయి. అయినా 46,300 నష్టానికీ దీనికీ ఎంత దూరముందో చూడండి. షేర్లు అవే, తేదీలు అవే, ధరలు అవే.

సిస్టం మార్చాలా అన్నారు. మీది కొత్తదేమీ కాదు, దానికి తాతలాంటిది ఒకటుంది. 1983లో షికాగోలో రిచర్డ్ డెన్నిస్, విలియం ఎకార్ట్ అనే ఇద్దరు, ట్రేడింగ్ నేర్పితే వస్తుందా పుట్టుకతో రావాలా అని వాదించుకుని, తేల్చుకోవడానికి కొందరు కొత్తవాళ్లను చేర్చుకుని రెండు వారాలు నేర్పారు. వాళ్లకి "తాబేళ్లు" అని పేరు పెట్టారు. వాళ్ల రెండు పద్ధతుల్లో ఒకటి 55 రోజుల గరిష్ఠం దాటితే కొనడం, 20 రోజుల కనిష్ఠం తగిలితే బయటికి రావడం. మీరు 55కి బదులు 50 రోజులు చూస్తున్నారు, అంతే. కానీ వాళ్లకు అసలు చదువు సంఖ్య దగ్గరే జరిగింది. ఒక సరుకు ధర రోజుకి సగటున ఎంత ఊగుతుందో కొలిచి, ఆ ఊపు ఖాతాలో ఒక శాతానికి సమానమయ్యేలా లెక్కగట్టి కొనేవారు. ఎక్కువ ఊగేది తక్కువ, తక్కువ ఊగేది ఎక్కువ. అక్కడ "ఖాయం" అన్న మాటకి చోటు లేదు.

నష్టాల్లో ఉన్నప్పుడు తగ్గించడానికి కూడా వాళ్లకి నియమం ఉండేది. ఖాతా పది శాతం తగ్గితే, ఇరవై శాతం తగ్గినట్టు లెక్కగట్టి ఆ చిన్న మొత్తం మీద కొనాలి. పది లక్షలు తొమ్మిదైతే ఎనిమిది ఉన్నట్టే నడవాలి. మీరూ ఆరు ఎర్ర గీతల తరవాత తగ్గించారు, ఎంత తగ్గించాలో మాత్రం భయాన్ని అడిగారు. నూటికి 56 సార్లు ఓడే చోట వరుసగా ఆరు ఓటములు ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి, మీరు లెక్కల మాస్టారు, నేను చెప్పేదేముంది. ఒక్కో శాతం చొప్పున ఆరు పోతే ఖాతాకి ఆరు శాతం లోపు నష్టం. మీ "ఖాయం" లెక్కన 5.4 శాతం చొప్పున ఆరు పోతే 28 శాతం.

సిస్టం మార్చకండి. పెన్సిలు పక్కన పెట్టేయండి.

ప్రశ్న: నా దగ్గర 80 వేలున్నాయి. మీరు చెప్పే ఒక శాతం రిస్కు నాకూ తెలుసు. 400 రూపాయల షేరు కొని 396లో స్టాప్ పెడితే, 200 షేర్లు కొన్నా పోయేది 800, అంటే ఒక శాతమే. మొత్తం డబ్బు ఒకే షేరులో పెట్టినా రూల్ తప్పినట్టు కాదు కదా?
– బీటెక్ విద్యార్థి, హన్మకొండ

జవాబు: భాగహారం కరెక్టే బాబూ. కానీ స్టాప్ ధర దగ్గర కొనేవాడు ఒకడు నిలబడి ఉంటాడని నువ్వు అనుకుంటున్నావు.

2009 జనవరి 7 నాకు బాగా గుర్తు. సత్యం కంప్యూటర్స్ అప్పుడు పెద్ద షేర్ల సూచీలు నిఫ్టీలోనూ సెన్సెక్స్‌లోనూ ఉన్న షేరు, మన హైదరాబాద్ కంపెనీ, మా క్లయింట్లలో సగం మంది దగ్గర ఉండేది. ముందు రోజు 179 దగ్గర ముగిసింది. సత్యనారాయణపురం నుంచి రోజూ వచ్చే ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు 170 ట్రిగ్గర్ (అక్కడికి పడితే అమ్మకం ఆర్డరు వెళ్లాలని), 168 లిమిట్ (అంతకన్నా తక్కువకి అమ్మకూడదని) పెట్టుకుని మా పక్క హోటల్లో కాఫీకి వెళ్లారు. కంపెనీ లెక్కలు తప్పుగా చూపించానని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు గారు రాసిన ఉత్తరం ఆ పూటే బయటికి వచ్చింది. ధర 168ని దాటుకుని పడిపోయింది. ఆయన ఆర్డరు స్క్రీన్ మీద పెండింగ్‌లోనే ఉంది, కొనేవాడు లేడు. ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్ కాంట్రాక్టుల్లో) ఉన్న షేరు కాబట్టి, ఒక హద్దు దాటి పడకుండా ఆపే మామూలు సర్క్యూట్ కూడా లేదు. ఆ రోజు ముగింపు 40 లోపు. ఆయన గ్లాసు పట్టుకుని టెర్మినల్ వెనకాల నిలబడ్డారు, ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

అందుకని స్టాప్‌తో కట్టే లెక్క ఒకటి, దాని మీద ఇంకో పరిమితి ఒకటి ఉండాలి. స్టాప్ ఎంత దగ్గరున్నా ఒకే షేరులో మొత్తం డబ్బులో 15 శాతానికి మించి పెట్టకూడదు అని నేను పెట్టుకున్నాను. ఆ లెక్కన సత్యంలో ఇరుక్కున్నవాడికి ఖాతాలో 12 శాతం లోపు పోయేది. చేదే, కానీ మర్నాడు ఆఫీసుకి రాగలిగేవాడు. నీ పద్ధతిలో 80 వేలు 18 వేలయ్యేవి.

ఇంకో మాట. హైదరాబాద్ ఫార్మా షేర్లు ఐదు కొని, ఒక్కోదానిలో ఒక శాతమే అనుకోవద్దు. అమెరికా నుంచి మందుల మీద ఒక చెడ్డ వార్త వస్తే ఐదూ ఒకే పూట జారతాయి. అది ఐదు శాతం పెట్టిన ఒకే పందెం.

ప్రశ్న: నా దగ్గర రెండున్నర లక్షలున్నాయి. నిఫ్టీ ఫ్యూచర్స్‌లో (ముందు తేదీకి కుదుర్చుకునే కాంట్రాక్టుల్లో) ఒక లాట్‌కి, అంటే కనీసం కొనాల్సిన కట్టకి, మార్జిన్ (ముందుగా కట్టే పూచీ డబ్బు) సరిపోతుందని మా బ్రోకర్ యాప్ చూపిస్తోంది. లాట్‌లో 65 ఉన్నాయి, నిఫ్టీని 24 వేలు అనుకుందాం. ఒక్క లాటే కదా, చేయవచ్చా?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, కర్నూలు

జవాబు: యాప్ చెప్పేది ఎక్స్ఛేంజీకి ఎంత పూచీ కావాలో. మీ ఖాతా ఎంత తట్టుకుంటుందో దానికి తెలియదు, దాని పనీ కాదు.

24 వేలను 65తో గుణిస్తే 15 లక్షల 60 వేలు. రెండున్నర లక్షలతో పదిహేనున్నర లక్షల పైన సరుకు నెత్తిన పెట్టుకుంటున్నారు. నిఫ్టీ ఒక్క శాతం కదిలితే 15,600, మీ డబ్బులో ఆరు శాతం పైన. ఒక శాతం కదలిక ఏ వారంలోనైనా వస్తుంది. పెద్ద రోజులు వేరే. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ 733 పాయింట్లు పెరిగింది. మర్నాడు ఓట్ల లెక్కింపులో 1,379 పాయింట్లు పడింది. మీ ఒక్క లాట్‌కి ఆ ఒక్క రోజు లెక్క రూ.89,635. జూన్ 5న మళ్లీ మూడు శాతం పైగా లేచింది, కానీ 4వ తేదీ తెగిపోయినవాడికి 5వ తేదీతో పనేముంది?

తెగిపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. 2007లో నేనూ నిఫ్టీ ఫ్యూచర్స్ చేసేదాన్ని. అప్పుడు లాట్‌కి 50. ఏడు నెలలు రెండేసి లాట్లు చేసి, జాగ్రత్తగా లెక్క రాసుకుంటూ, ఖాతాని 4,20,000కి తెచ్చాను. సంక్రాంతి తరవాత నాకు ధైర్యం వచ్చింది. లెడ్జర్లో లాభం చూసుకుంటుంటే అది నా జీతం కన్నా తేలిగ్గా వచ్చినట్టు అనిపించింది. ఆరు లాట్లు కొన్నాను. 2008 జనవరి 21, సోమవారం. నిఫ్టీ దాదాపు 500 పాయింట్లు పడింది, సెన్సెక్స్ 1,408. నా 300 మీద లక్షన్నర పోయింది. సాయంత్రం ఫోను వచ్చింది, మార్జిన్ కట్టమని. మర్నాడు మార్కెట్ తెరిచిన నిమిషంలోనే లోయర్ సర్క్యూట్, గంటసేపు ఆపేశారు. మళ్లీ మొదలవగానే రిస్కు చూసేవాళ్లు నా ఆరు లాట్లూ అమ్మేశారు, 4,600 దగ్గర. ఆ మధ్యాహ్నమే నిఫ్టీ కోలుకుని 4,900 దగ్గర ముగిసింది.

ఖాతాలో తొంభై వేలు మిగిలాయి. అప్పటికే అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకని ఆ ఖాతాలోంచి తీస్తానని ఇంట్లో చెప్పి ఉన్నాను. చంద్రహారం బ్యాంకులో పెట్టి కట్టాను. విడిపించడానికి మూడేళ్లు పట్టింది.

పాత రెండు లాట్లే ఉండి ఉంటే? 22వ తేదీ ముగింపుకి ఎనభై వేలు నష్టం. ఏడుపు వచ్చేది, కానీ మార్జిన్ మిగిలే ఉండేది, నా లాట్లను ఇంకొకరు అమ్మేవాళ్లు కాదు. ఎప్పుడు అమ్మాలన్న నిర్ణయం నా చేతిలో ఉండేది.

2024 నవంబరులో సెబీ ఇండెక్స్ కాంట్రాక్టు కనీస విలువని 15 లక్షలకు పెంచింది. అంతకు ముందు 5 నుంచి 10 లక్షల మధ్య ఉండేది. చిన్నవాళ్లకి అన్యాయం అని చాలామంది తిట్టుకున్నారు. నేను తిట్టుకోలేదు. అదే సెబీ 2024 సెప్టెంబరులో చెప్పిన లెక్క ప్రకారం, అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు, సగటున మనిషికి రెండు లక్షల దాకా. మీ దగ్గరున్నదే రెండున్నర.

ఒక లాట్‌ని సగం చేసి కొనలేరు. కాబట్టి మీ తాహతుకి లెక్క వేస్తే వచ్చే సంఖ్య సున్నా. నిఫ్టీ మీదే మక్కువ ఉంటే నిఫ్టీ ఈటీఎఫ్ (నిఫ్టీని అనుసరించే, షేరులా కొనగలిగే ఫండు) ఒక్కో యూనిట్ చొప్పున దొరుకుతుంది, స్టాప్ దూరానికి తగ్గట్టు ఎన్ని కావాలంటే అన్ని కొనవచ్చు.

ప్రశ్న: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నా 60 ట్రేడ్స్‌లో 27 గెలిచాయి, సగటు లాభం సగటు నష్టానికి రెండింతలు. కెల్లీ ఫార్ములా వేస్తే ఒక్కో ట్రేడ్‌లో 17.5 శాతం రిస్కు తీసుకోమంటోంది. మీరు ఒక శాతం అంటారు. ఇది మరీ పిరికితనం కాదా?

జవాబు: పిరికితనమే అనుకోండి తమ్ముడూ, 2008 తరవాత నాకు ఆ బిరుదంటే కోపం లేదు.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. జాన్ కెల్లీ అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన శాస్త్రవేత్త, 1956లో ఈ లెక్క ఇచ్చాడు. గెలిచే శాతంలోంచి, ఓడే శాతాన్ని లాభనష్టాల నిష్పత్తితో భాగించి తీసేయాలి. 45లోంచి 55ని రెండుతో భాగించిన 27.5 తీస్తే 17.5. తమ్ముడి లెక్క తప్పు లేదు.

కానీ ఫార్ములాకి 45 శాతం అన్నది దేవుడు చెప్పిన సంఖ్య కావాలి. మీ దగ్గరున్నది 60 ట్రేడ్స్ చెప్పిన సంఖ్య. ఆ 27 గెలుపుల్లో నాలుగు అటుదిటైతే 23, అంటే 38 శాతం. నాలుగు అటుదిటు కావడానికి పెద్ద కారణమేం అక్కర్లేదు, నెట్ రెండు రోజులు పోతే చాలు. 38 శాతంతో ఫార్ములా మళ్లీ వేయండి: 38లోంచి 31 తీస్తే 7. ఫార్ములా ఇచ్చేదానికి రెండింతలు దాటి పందెం కాస్తే, సిస్టం లాభాలదే అయినా ఖాతా కాలక్రమంలో కరిగిపోతుంది. మీరు 7 కాయాల్సిన చోట 17.5 కాస్తుండవచ్చు, రెండున్నర రెట్లు.

అసలు 45 శాతమే నిజమనుకుందాం. వరుసగా నాలుగు ఓటములు మీ 60లో వచ్చే ఉంటాయి, వెతికి చూసుకోండి. 17.5 చొప్పున నాలుగు పోతే ఖాతాలో సగం కన్నా తక్కువ మిగులుతుంది. సగం పోయినవాడు మొదటికి రావాలంటే రెట్టింపు కావాలి. ఐదో ట్రేడ్ కూడా అదే ధైర్యంతో పెట్టగలరా? పెట్టగలను అంటే మీ ఇష్టం. ఆ మాట అన్నవాళ్ల లెడ్జర్లు నేను క్లోజ్ చేశాను.

ఒక శాతం తక్కువనిపిస్తే రెండు పెట్టుకోండి. నా మాట అంతవరకే.

ప్రశ్న: అక్కా, మా ఆయనకి నిజామాబాద్‌లో విత్తనాల షాపు. మూడు లక్షల చీటీ పాడి, డెబ్బై ఐదు వేలు వదులుకుని 2,25,000 తెచ్చి ట్రేడింగ్‌లో పెట్టాడు. 70 వేలు పోయాయి. ఇప్పుడు రెండు రూపాయల వడ్డీకి ఇంకో రెండు లక్షలు తెచ్చి డబుల్ పెడితే పోయింది వస్తుందంటున్నాడు. నాకు షేర్లు తెలియవు. ఏం చెప్పాలి?

జవాబు: చెల్లీ, నీకు షేర్లు తెలియనక్కర్లేదు, చీటీ తెలుసు కదా, అది చాలు.

చీటీ డబ్బుకి తిరిగి కట్టే తేదీ ఉంది. నెలనెలా వాయిదా వస్తుంది, మార్కెట్ బాగుందా లేదా అని అడగదు. తేదీ ఉన్న డబ్బుతో ట్రేడింగ్ చేస్తే, అమ్మకూడని రోజు అమ్మాల్సి వస్తుంది. పాటలోనే 75 వేలు వదిలేశారు. డివిడెండు రూపంలో మీ వంతు కొంత వెనక్కి వచ్చినా, మొదటి షేరు కొనకముందే మీ ఆయన చాలా కిందనుంచి మొదలుపెట్టాడు. ఇప్పుడు మిగిలింది 1,55,000. దాని మీద 70 వేలు సంపాదించాలంటే 45 శాతం రావాలి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, ఆ కొత్త రెండు లక్షలు ముందు 48 వేలు సంపాదించి వడ్డీ వ్యాపారికి ఇచ్చి, ఆ తరవాతే మీకు.

కోపంలో ఈ లెక్క చెప్పకు. ఫోను దాచేయకు, అలా చేస్తే షాపు కంప్యూటర్లో చూస్తాడు. షాపు కట్టేసి భోంచేశాక, ఒక కాగితం మీద రాసి పెట్టు. ఉన్న 1,55,000లో లక్షా పాతిక వేలు నీ పేరున బ్యాంకులో వేయమను, అది చీటీ వాయిదాలకి. ముప్పై వేలు ఆయనకి వదిలేయి. ముప్పై వేలలో ఒక శాతం మూడు వందలు. ఒక్కో లావాదేవీలో మూడు వందలకి మించి పోకూడదు అన్న షరతు మీద ఆరు నెలలు చేయమను. చిన్న మొత్తాల్లో అమ్మినప్పుడల్లా డీపీ చార్జీ (డీమ్యాట్ ఖాతాలోంచి షేర్లు తీసినందుకు పట్టే రుసుము) కూడా కొరుకుతుంది, కాబట్టి రోజూ చేయడం దానంతటదే తగ్గుతుంది. మూడు వందల మీద ఆసక్తి పోతే, ఆయనకి కావలసింది ట్రేడింగ్ కాదన్నమాట, ఆ డెబ్బై వేల మీద పంతం.

ఆయన విత్తనాల వ్యాపారి. ఏ రైతూ గింజలన్నీ ఒకే వానకి చల్లడని నీకన్నా నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఆ మాట నువ్వు అనకు, ఆయన నోటితోనే రానివ్వు.

అప్పు మాత్రం ఒక్క రూపాయి కూడా తేనివ్వకు. అక్కడ గట్టిగా నిలబడు.

ప్రశ్న: కొన్న షేరు పడుతుంటే ఇంకొన్ని కొని యావరేజ్ చేయవచ్చా?
– గుడివాడ

జవాబు: సిస్టంతో స్టాప్ పెట్టుకుని చేసేవాళ్లు చేయకూడదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. 1995లో సింగపూర్‌లో నిక్ లీసన్ అనే బ్యాంకు ట్రేడర్ జపాన్ షేర్ల సూచీ నిక్కీ ఫ్యూచర్స్‌లో ఇదే చేశాడు. ఆ జనవరిలో కోబే భూకంపం వచ్చి మార్కెట్ పడితే, తేరుకుంటుందని ఇంకా ఇంకా కొన్నాడు. నష్టం 82 కోట్ల పౌండ్లు దాటింది, 1762 నుంచి ఉన్న బేరింగ్స్ బ్యాంకు మునిగింది, చివరికి దాన్ని ఒక్క పౌండుకి అమ్మారు. నెలనెలా ఇండెక్స్ ఫండులో సిప్ కట్టేవాళ్ల సంగతి వేరు, వాళ్లు పడినా పెరిగినా కొనేవాళ్లే.

ప్రశ్న: మీరు ఎప్పుడూ పుస్తకం రాయమంటారు. అందులో ఏమేం గడులు గీయాలి?
– గాజువాక

జవాబు: తేదీ, షేరు, కొన్న ధర, స్టాప్, రెంటి మధ్య దూరం, ఆ రోజు ఖాతాలో ఉన్న మొత్తం, అందులో ఒక శాతం, షేర్ల సంఖ్య. ఈ ఎనిమిదీ కొనకముందే నిండాలి. అమ్మాక ఇంకో రెండు: అమ్మిన ధర, ఎన్ని వంతులు వచ్చాయి లేదా పోయాయి. చివర్న వెడల్పుగా ఒక ఖాళీ గడి ఉంచండి, లెక్కలో వచ్చిన సంఖ్య కన్నా ఎక్కువో తక్కువో కొంటే ఎందుకో అందులో రాయడానికి. ఎక్సెల్ వచ్చినవాళ్లు అందులో వేసుకోండి, నాకు కాగితమే అలవాటు.

నాకు పంపేవాళ్లు జిరాక్సు పంపండి, అసలు పుస్తకాలు వద్దు. తణుకు మాస్టారిది ఇంకా నా బల్ల మీదే ఉంది, సోమవారం స్పీడ్ పోస్టులో వేస్తాను.